మా వీధి మామ్మగారు

(మన సంఘం వార్షిక సమావేశంలో "మరువలేని మనిషి" అన్న అంశం మీద చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పయ్యారేళ్ళు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నోట్ ఫైలు రాయమంటే రాస్తాను గాని మైకు ముందు నిలబడి మాట్లాడే అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

మరువలేని మనిషి గురించి పావుగంట చెప్పమని కార్యదర్శిగారు అన్నప్పుడు నాకు పెద్ద పెద్ద అధికారులెవరూ గుర్తుకు రాలేదు. బందరులో మా ఇంటావిడ గుర్తుకొచ్చారు. మొదట ఇంటావిడ, తరువాత పక్కింటావిడ, చివరికి మా ఇంటి పెద్దదిక్కు. వీధి వీధంతా ఆవిడను మామ్మగారనే పిలిచేది. ఆవిడ 2022 కార్తీకమాసంలో కాలం చేశారు. కాగితాల ప్రకారం ఆవిడకు 94 ఏళ్ళు. అసలు వయసు 101. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఏడేళ్ళ తేడాకు బాధ్యుణ్ణి నేను. మా ఆవిడకు తప్ప ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెప్పుకుందామని వచ్చాను.

1972లో ఉద్యోగం వచ్చి బందరులో దిగాను. అప్పటికి నాకు ఇరవైరెండేళ్ళు, పెళ్ళి కాలేదు. పెళ్ళికానివాడికి వాటా ఇచ్చేవాళ్ళు దొరకలేదు. కోనేరు సెంటరుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పెంకుటింటి అరుగు మీద ఒకావిడ బియ్యం చెరుగుతూ కనిపించారు. వాటా సంగతి అడిగాను. "అద్దె ముప్పై రూపాయలు. బావి నీళ్ళు ఎన్నయినా తోడుకో. రాత్రి పది దాటితే మాత్రం గడియ పెట్టేస్తాను. ఆ తర్వాత అరుగు మీద పడుకోవాలి" అన్నారు. సరేనన్నాను. మొదటి నెలలోనే రెండో ఆట సినిమాకు వెళ్ళి అరుగు మీద పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి నా మీద దుప్పటి ఉంది. ఆ దుప్పటి సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వారి ఆయన కూడా మనలాంటి గుమాస్తాయే. 1971లో 55 ఏళ్ళకు రిటైరయ్యారు. అప్పట్లో మనకు పదవీ విరమణ వయసు అంతే కదా. పెద్దకొడుకు ఖర్గపూర్‌లో రైల్వేలోను, రెండోవాడు భిలాయిలో ఉక్కు కర్మాగారంలోను పనిచేస్తుండేవారు. కూతురిని గుడివాడ ఇచ్చారు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. నేను ఆవిడను పిన్నిగారు అనేవాణ్ణి. మా పిల్లలు పుట్టి మామ్మగారూ అనడం మొదలుపెట్టాక నాకూ ఆ పిలుపే అలవాటైంది.

1974లో దసరా వెళ్ళిన వారానికి ఆయన హఠాత్తుగా పోయారు. పన్నెండో రోజు అయిపోయాక కుటుంబ పెన్షన్ దరఖాస్తు నేనే నింపాను. మా రాష్ట్రంలో కుటుంబ పెన్షన్ 1964 నుంచి ఉన్నా, అది ఎలా తెచ్చుకోవాలో చాలామంది ఆడవాళ్ళకు తెలిసేది కాదు. సర్వీసులో రెండేళ్ళు నిండిన కుర్రవాణ్ణి. ఫారాలన్నీ నాకు కంఠతా వచ్చునని నాకో గర్వం.

అరుగు మీద కూర్చుని ఒక్కొక్క గడి నింపుతున్నాను. ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. గుర్తింపు చిహ్నాలు, గడ్డం మీద పుట్టుమచ్చ, ఎడమ మోచేతి దగ్గర కాలిన మచ్చ. ఆయన కాగితాల్లో ఆవిడ పేరు ఉంది గాని వయసు లేదు. "పిన్నిగారూ, మీ పుట్టినతేదీ?" అన్నాను. ఆవిడ గోడకు ఆనుకుని ఎటో చూస్తున్నారు. "ఏమో నాయనా, నీకు తోచింది వేసుకో. ఎంత వేస్తే మాత్రం ఆయన తిరిగొస్తారా?" అన్నారు.

ఆ మాట విన్నాక ఇంకో ప్రశ్న అడగటానికి నోరు రాలేదు. ఆవిడ వంక చూశాను. తల నెరవలేదు. నిండు బిందె చంకనెత్తుకుని చకచకా నడిచే మనిషి. నలభైయ్యారు ఉండవచ్చునని తోచింది. ఏడాది మాత్రమే తెలిస్తే జులై ఒకటి వేసుకోవడం మన ఆఫీసుల్లో ఆనవాయితీ. 1-7-1928 అని వేశాను. సాక్షి సంతకం కూడా నేనే చేశాను. మూడు నాలుగు నెలల్లో పెన్షన్ మంజూరైంది. వంద రూపాయలకు లోపే. ఆవిడ నన్ను కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టి, "కన్న కొడుకులు దూరాన ఉన్నా నువ్వున్నావు" అన్నారు. ఘనకార్యం చేశాననుకున్నాను.

ఇప్పుడు ఆవిడ ఎలాంటి మనిషో చెబుతాను. పెన్షన్ అందిన రోజున ఆవిడ వంటింటి గూట్లో మూడు డబ్బాలు దించేవారు. ఒకటి ఇంటి ఖర్చుకు. ఒకటి దేవుడికి, అంటే చిలకలపూడి పాండురంగస్వామికి, కార్తీకపున్నమికి మంగినపూడి సముద్రస్నానం ఖర్చుకు. మూడోది వీధి డబ్బా. ఆ పేరు ఆవిడ పెట్టిందే. మా వీధి చివర రిక్షా తొక్కే అతని కూతురికి పదో తరగతి దాకా పుస్తకాలు ఆ డబ్బాలోంచే వచ్చాయి. పురుడు వచ్చినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా వీధిలో ఆడవాళ్ళు మొదట వచ్చేది ఆ గుమ్మంలోకే. ఇచ్చేటప్పుడు "ఎప్పుడిస్తావు?" అని అడగరు. తిరిగి తెచ్చి ఇస్తే మాత్రం లెక్కపెట్టుకుని మరీ తీసుకునేవారు. "లెక్కలేకుండా తీసుకుంటే నువ్విచ్చిన దానికి విలువ ఉండదు" అనేవారు.

1977 నవంబరు 19 బందరు వాళ్ళెవరూ మరిచిపోలేరు. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి మా మీద గాలి విరుచుకుపడింది. మా వాటా పెంకులు ఎగిరిపోయాయి. మా ఆవిడ ఎనిమిదో నెల గర్భిణి. మామ్మగారు మమ్మల్ని నడిమింటిలోకి లాక్కుపోయి, లావుపాటి దూలం కింద మా ఆవిడను కూర్చోబెట్టి, తెల్లవార్లూ వీపు నిమురుతూ తన చిన్ననాటి కబుర్లు చెబుతూనే ఉన్నారు. గాలి హోరులో సగం వినపడలేదని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. చెబుతున్నదేమిటన్నది కాదు, గొంతు ఆగకుండా వినపడుతూ ఉండటమే ధైర్యం అంటుంది.

ఆ తరువాతి రోజుల్లో దివి వైపు నుంచి అయినవాళ్ళను వెతుక్కుంటూ బందరు వచ్చినవాళ్ళు ఎందరో. వాళ్ళలో ఏ ఊరివాళ్ళో, ఏ కులంవాళ్ళో అడగకుండా ఆవిడ అరుగు మీద చోటిచ్చారు. గంజి కాచి పోశారు. బియ్యం డబ్బా అడుగంటాక మెడలో గొలుసు తాకట్టు పెట్టించారు. పెట్టి వచ్చింది నేనే. ఆ గొలుసు మళ్ళీ ఇంటికి రాలేదు. కూతురు వచ్చి బాధపడితే, "చిలకలపూడి వాళ్ళున్నది ఎందుకే? ఆ గిల్టు గొలుసు వేసుకుంటాను. నా మెడకు తేడా తెలియదు" అని నవ్వేశారు. చివరిదాకా ఆ గిల్టు గొలుసే.

ఆ తుపానులోనే ఆవిడ ట్రంకుపెట్టె తడిసిపోయింది. ఆవిడ తండ్రిగారు రాయించిన జన్మపత్రిక అందులో ఉండేదట. ముద్దయిపోతే పారేశారు. దాని విలువేమిటో అప్పుడు నాకూ తోచలేదు.

ఆవిడ కబుర్లలో పెళ్ళి కథ ఒకటి. శారదా చట్టం వస్తోందని, వస్తే ఆడపిల్లలకు పద్నాలుగేళ్ళు నిండేదాకా పెళ్ళి కుదరదని ఊళ్ళల్లో హడావుడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. 1930 ఏప్రిల్ ఒకటిన చట్టం అమల్లోకి వచ్చింది. దానికి కొద్ది ముందే ఈవిడ పెళ్ళి. "నాకప్పుడు ఎనిమిదేళ్ళు నిండాయి. పెళ్ళిపీటల మీద నిద్రపోతే మా మేనమామ ఎత్తుకుని తలంబ్రాలు పోయించాడు" అని మా పిల్లలకు చెప్పి నవ్వించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నేను వేసిన లెక్క ప్రకారమైతే ఆవిడకు పెళ్ళినాటికి రెండేళ్ళు కూడా లేవు. ఆఫీసులో పదిమంది సర్వీసు రిజిష్టర్లు తిరగేసి తప్పులు పట్టే నాకు, ఇంటి అరుగు మీద విన్న ఈ తప్పు తగల్లేదు.

మరొకటి చెబుతాను. 1981 ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణానికి వెళ్ళాం. సిద్ధాంతిగారు దుర్మతి నామ సంవత్సరం అనగానే మామ్మగారు మా ఆవిడ చెయ్యి నొక్కి, "నా సంవత్సరం మళ్ళీ వచ్చిందే" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. సంవత్సరం పేరు అరవై ఏళ్ళకు గాని తిరిగి రాదు. అంటే ఆవిడకు అరవై నిండబోతున్నాయి. నా కాగితంలో అప్పటికి యాభైమూడు కూడా నిండలేదు. విన్నాను, తీర్థం పుచ్చుకుని ఇంటికి వచ్చేశాను.

1986లో ఆవిడ తన ఇంటి పక్క ఖాళీ స్థలం నాకు అమ్మి, "అద్దె ఎన్నాళ్ళు కడతావోయ్" అని దగ్గరుండి ఇల్లు కట్టించారు. రెండు దొడ్ల మధ్య గోడలో చిన్న గుమ్మం పెట్టించారు. దానికి గడియ లేదు. మా ముగ్గురు పిల్లలూ ఆ గుమ్మంలోంచే పెరిగారు. కొడుకులు తమ దగ్గరికి రమ్మంటే వెళ్ళి నెల తిరక్కుండా వచ్చేసేవారు. "అక్కడ బావి లేదు, అరుగు లేదు. పొద్దున్నే తలుపు తీస్తే పలకరించే మనిషి లేడు" అనేవారు.

నేను 2008లో రిటైరయ్యాను. 2010లో వేతన సవరణతో పాటు మనకు వయసునుబట్టి అదనపు పెన్షన్ వచ్చింది. 75 నిండితే 15 శాతం, అక్కడినుంచి ఐదేళ్ళకొక మెట్టు. కుటుంబ పెన్షనర్లకు కూడా వర్తించింది. తరువాతి సవరణల్లో శాతాలు మారాయి, ఆ లెక్కలు మీకు తెలిసినవే. జీ.వో. కాపీ పట్టుకుని సంతోషంగా దొడ్డిగుమ్మంలోంచి వెళ్ళాను. "మామ్మగారూ, మీకు 82వ ఏడు. ఇక పెన్షన్ పెరుగుతుంది" అన్నాను.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. "ఎనభైరెండేమిటి? గాంధీగారు బెజవాడ వచ్చినప్పుడు మా అమ్మ నన్ను మోస్తోంది. అయిదో నెలట. చూడటానికి వెళతానంటే మా నాయనమ్మ పంపలేదట. ఆ శ్రావణంలో నేను పుట్టాను" అన్నారు.

గాంధీగారు కాంగ్రెసు సమావేశానికి బెజవాడ వచ్చింది 1921 మార్చి నెలాఖరున. పింగళి వెంకయ్యగారు జెండా చూపించింది ఆ సమావేశంలోనే. నేను అక్కడే కూలబడ్డాను. పెళ్ళి కథ, దుర్మతి సంవత్సరం అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఆవిడకు అప్పటికి 89వ ఏడు నడుస్తోంది. నేను వేసిన అంకె వల్ల ఆవిడకు రావలసిన పెన్షన్‌లో ఒకప్పుడు ఒక మెట్టు, ఒకప్పుడు రెండు మెట్లు తగ్గిపోతుంది.

దిద్దిద్దామని అనుకున్నాను. కాని రుజువేది? జన్మపత్రిక తుపానులో పోయింది. ఆవిడ బడికి వెళ్ళలేదు, ఇంట్లోనే చదువు నేర్చుకున్నారు. రేషన్ కార్డులో, ఓటరు కార్డులో ఉన్నది నేను పెన్షన్ కాగితం మీద వేసిన అంకే. దానికీ దీనికీ నకలు తీసుకుంటూ పోయారు. నాలుగు చోట్ల ఒకే తప్పు ఉంటే ప్రభుత్వం దృష్టిలో అది తప్పు కాదు, రుజువు. ఉద్యోగుల పుట్టినతేదీ విషయంలో 1984 నిబంధనలు ఎంత కఠినమో మనకు తెలుసు. పెన్షనర్ల సంగతీ అలాంటిదే.

మిగిలిన దారి ఒక్కటే అని తోచింది. ఆ దరఖాస్తులో వయసు నేనే ఊహించి వేశానని, సాక్షి సంతకం కూడా నాదేనని నేనే రాసివ్వాలి. ఫలించేదో లేదో తెలియదు, కాని రాసివ్వవలసింది మాత్రం నేనే. ఆ మాట ఆవిడతో చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టి, "అలా రాసిస్తే నీకేమీ కాదు కదా?" అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రిటైరై రెండేళ్ళే అయింది. చిన్నమ్మాయి పెళ్ళి ముందుంది. తెలియని వయసు తెలిసినట్టు వేసి సంతకం పెట్టానని రాసిస్తే నా పెన్షన్ మీదికి ఏమైనా వస్తుందేమోనన్న పురుగు మనసులో తొలిచింది. అర నిమిషం ఉంటుందేమో ఆ మౌనం. ఆ తరువాత "ఏమీ కాదు మామ్మగారూ" అన్నాను. ఆవిడ నా ముఖం చూశారు. మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుని, "ఇప్పుడవన్నీ ఎందుకు లేవోయ్. ఏడేళ్ళు తగ్గించావు, మంచిదేగా. యముడు కూడా నీ కాగితమే చూస్తున్నాడేమో, ఇంకా రాలేదు" అన్నారు.

నేను మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. ఆవిడ వద్దన్నారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆవిడ వద్దన్నది నా అర నిమిషం చూసి. అది ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన డబ్బు ఆవిడ తినేది కాదు. ఇంటి డబ్బా ఖర్చు ఆవిడకు ఎప్పుడూ ఒకటే. తగ్గింది వీధి డబ్బాలో. ఏ పిల్లవాడి ఫీజు దగ్గర ఆవిడ "ఈ నెల లేదు నాయనా" అని ఉంటారో నాకు తెలియదు. ఆ లెక్క ఏ ఆడిటూ తేల్చలేదు. అప్పటినుంచి ప్రతి నెలా నా పెన్షన్ అందగానే ఆ తేడా ఎంతో లెక్కవేసి ఆ డబ్బాలో వేస్తూ వచ్చాను. ఆవిడ చూసినా చూడనట్టే ఉన్నారు. ఒకసారి మాత్రం, "ఒక్క రూపాయి ఎక్కువ వేశావు పోయిన నెల" అన్నారు.

2014లో వేలిముద్రతో జీవన ధ్రువపత్రం వచ్చింది. ఆ తర్వాత ఒక ఏడాది నేను ఆవిడను ఆటోలో తీసుకెళ్ళాను. తొంభై దాటిన వేళ్ళు, బావితాడు లాగి, పిడకలు చేసి అరిగిపోయిన వేళ్ళు. యంత్రం పట్టడం లేదు. ఒక్కొక్క వేలూ పెట్టించాడు ఆ కుర్రవాడు. "బతికే ఉన్నానని నోరు చెబితే చాలదుటోయ్, వేలు చెప్పాలట" అన్నారు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. చివరికి కంటిపాపతో పని జరిగింది.

2021 శ్రావణంలో ఆవిడకు నూరేళ్ళు నిండాయి. కాగితం మీద 93. కోవిడ్ రోజులు కాబట్టి పదిమందిని పిలవలేదు. మా ఆవిడ పరమాన్నం వండింది. దొడ్డిగుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి నేనూ మా ఆవిడా పాదాలకు నమస్కారం చేసుకున్నాం. "నూరేళ్ళూ చల్లగా ఉండండి" అని అలవాటుగా దీవించి, తానే నవ్వి, "నూరు చాలవులే" అన్నారు.

మరుసటి ఏడు కార్తీకమాసంలో, తెల్లవారుజామున దీపం పెట్టుకుని వచ్చి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. వీధి వీధంతా వచ్చింది. రిక్షా అతని కూతురు ఇప్పుడు నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఆ బట్టలతోనే వచ్చింది. మరణ నమోదు కాగితం మీద వయసు గడి నింపమని పెద్దకొడుకు నా చేతికే ఇచ్చాడు. ఆధార్‌లో ఉన్నదే వెయ్యాలి. 94 అని వేశాను. రెండోసారి కూడా ఆ తప్పు నా చేతే రాయించింది.

మిత్రులారా, ఇదంతా నా మనసు తేలికపరచుకోవడానికి మాత్రమే చెప్పలేదు. ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ పి.పి.ఓ. తీసి చూడండి. మీ భార్య పేరు సరిగా ఉందా, ఆవిడ పుట్టినతేదీ ఉందా, అది ఆధార్‌తో సరిపోతుందా చూడండి. మనం బతికి ఉండగా దిద్దించుకుంటే ఒక అర్జీతో పోతుంది. మనం పోయాక ఆ అర్జీ పట్టుకుని తిరగవలసింది వాళ్ళు. మీ ఇంట్లో ముసలివాళ్ళు సంవత్సరం పేరు చెబితే, తుపాను పేరు చెబితే, గాంధీగారి పేరు చెబితే నవ్వి ఊరుకోకండి. కాగితం తీసుకుని రాసుకోండి.

నా వంతుగా ఒక మాట. ఇకమీదట ప్రతి నెలా మన సమావేశానికి ఒక గంట ముందే వచ్చి ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. కాగితాలు తెచ్చుకోండి, ఉచితంగా నింపిపెడతాను. పుట్టినతేదీ అడుగుతాను. "నీకు తోచింది వేసుకో" అంటే మాత్రం వెయ్యను.